ఎన్నాళ్ళుంటారు

సొహార్ నర్సింగ్ కాలేజీలో షంసా అనే గుమాస్తా
ఫారం చేతికివ్వకముందే అడిగింది
ఎన్నాళ్ళుంటారని.
నాన్న నావైపు చూశాడు.
నేను ఏసీ కింద పెట్టిన బకెట్ వైపు చూశాను.

మా నాన్న పైపు వెల్డరు.
అతుకు నిలిస్తే పని అయిపోయినట్టు.
పని అయిపోతే మేం కదిలినట్టు.
జుబైల్‌లో ఒకటో క్లాసు, రువైస్‌లో మూడు సగం,
మిగతా సగం రాజోలులో మేనత్త దగ్గర.
ఎనిమిది కువైట్‌లో.
తొమ్మిది ఎక్కడంటే
యూనిఫారం రంగు గుర్తు తెచ్చుకుని చెప్పాలి.

ఆకు తన అన్నం తనే వండుకుంటుందని
మూడు దేశాల్లో మూడుసార్లు చదివాను.
గుండె పాఠం మాత్రం
నేను ఎప్పుడు వెళ్ళి కూర్చున్నా
నిన్ననే అయిపోయేది.

కాలేజీల్ని కూడా నాన్న అతుకుల్లాగే చూశాడు.
గోడ తట్టాడు, మెట్లు లెక్కపెట్టాడు,
ల్యాబులో ప్లాస్టిక్ బొమ్మ చెయ్యి ఎత్తి
కీలు వదులైందన్నాడు.
డయాలసిస్ వార్డు మరియరత్నం ఆంటీ నవ్వింది.
"గోడలు కాదు తమ్ముడూ, మంచాలు లెక్కెట్టు.
పిల్లలు నలభై, మంచాలు పన్నెండైతే
నీ కూతురు సూది గుచ్చేది దిండుకే.
ఇంకోటి అడుగు,
మధ్యలో వెళ్ళిపోతే
చదివిందాంట్లో ఎంత కూడా వస్తుందో."

దాన్ని క్రెడిట్లంటారు.
మా ఇంట్లో క్రెడిటంటే బకాలావాడి పుస్తకంలో
ఉల్లిపాయలు, పెరుగు, ఫోను కార్డు.
ఇవి మనకి రావలసినవి అని చెబితే
అమ్మ నమ్మలేదు.
మనకి రావలసినవి ఎవరు రాసి పెట్టుకుంటారే, అంది.

మస్కట్‌లో ఒకాయన రావన్నాడు.
అజ్మాన్‌లో ఒకావిడ చూద్దామంది.
ఆ చూద్దాంలో మా నాన్న ఓవర్‌టైం డబ్బులు
ఇప్పటికి రెండేళ్ళుగా ఉన్నాయి.
సముద్రం పక్క కాలేజీ బ్రోషర్‌లో
పిల్లలందరూ ఒకే వైపు తిరిగి నవ్వుతున్నారు.
మంచాల గురించి ఒక్క మాట లేదు.

మళ్ళీ షంసా దగ్గరికే వెళ్ళాం.
అదే ప్రశ్న నేనే తిప్పి అడిగాను, వచ్చీరాని హిందీలో.
మధ్యలో పోతే?
ఆమె మాట్లాడలేదు. లేచి,
తాళాల గుత్తిలో వెతికి ఒక బీరువా తెరిచింది.

అంతా వెళ్ళిపోయినవాళ్ళే.
పచ్చ ఫైళ్ళు, ఒక్కో పేరుకి ఒకటి.
ఏ వార్డులో ఎన్ని గంటలు నిలబడ్డారో,
ఎన్ని కాన్పులు చూశారో,
ఎన్ని సూదులు, ఎవరి సంతకం కింద,
తేదీతో సహా.
ఎవరో అమ్మాయి, రెండేళ్ళు చదివి
తండ్రి వెనక వేరే దేశం పోయిందట.
అయినా ఆమె రాత్రి డ్యూటీలు
ఇక్కడ భద్రంగా ఉన్నాయి.

అప్పుడర్థమైంది.
ఎన్నాళ్ళుంటారని ఆమె అడిగింది
ఏ రంగు ఫైలు తియ్యాలో తెలియడానికి.
నేను ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి
ఊరికే తల దించుకున్నాను.

శాశ్వత చిరునామా గడిలో
నాన్న రాజోలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు.
ఎంతకాలం అన్న గడి దగ్గర పెన్ను ఆపి
దుఖుమ్ ప్రాజెక్టు మొదలైతే, అంటున్నాడు.
నాలుగేళ్ళు, అన్నాను.
మనం కాదు. నేను.

అతను ఏమీ అనలేదు.
బొటనవేలి మీద పాత కాలిన మచ్చని
రెండో వేలితో రుద్దుకున్నాడు.
చిన్నప్పుడు నాన్న ఇంటికి తెచ్చిన
అతుకుల ఎక్స్‌రే ఫిల్ములు కిటికీకి పెట్టి చూసి
పైపులకీ ఎముకలుంటాయి కాబోలనుకునేదాన్ని.
తెల్లటి గీత ఒకటుండేది మధ్యలో.
ఇదే గట్టి చోటు, అనేవాడు, వేలు పెట్టి.

తిరిగొస్తుంటే రౌండబౌట్ దగ్గర అడిగాడు,
హాస్టల్లో పులుసు చేస్తారా అని.
చెయ్యరని ఇద్దరికీ తెలుసు.
కనుక్కుంటాలే, అన్నాను.