తరుగు ఖాతా

ఇసకపల్లి ఉప్పుమళ్ళ మీద ఎండ తెల్లగా పేలుతోంది.
రేకుల షెడ్డులో నేను, ఆడిటరు గారు పంపిన కుర్రాణ్ణి.
మేస్త్రీ మాల్యాద్రి చిట్టా, చెమటకి చేతినంటుకునే కాగితాలు.

మస్తానమ్మ పద్దు దగ్గర కలం ఆగింది.
పుస్తకంలో ఎనిమిదివందల ఆరు గంపలు.
ఆమె దారంలో ఎనిమిదివందల ముప్పైరెండు.

దారమంటే దారమే. వలనూలు,
నడుముకి రెండు చుట్లు.
నూటికో బుడిపె, పదికో ముడి,
చిల్లరకి రంధ్రం పొడిచిన గవ్వలు.
ఆమె పోసిన గుట్ట కొలిపించా. దారమే నిజం.

చదువుకున్నానుగా, గుర్తొచ్చింది:
ఆండీస్ కొండల్లో రాత లేని రాజ్యమొకటి
పన్నుల్నీ పంటల్నీ ఇట్లాగే
తాళ్ళకి ముడేసి నడిపిందట.
ఆ మాట చెప్తే
"అయితే వాళ్ళూ మేస్త్రీల్ని నమ్మలా" అంది.

ఇరవయ్యారు తేడా.
ఇరవయ్యారు రోజుల పని.
కూడికల్లో వెతికా, ఎత్తి రాసిన మొత్తాల్లో వెతికా.
"రాతలో దొరకదు నాయనా, కూతలో ఉండాది"
అని ఎంచి చూపింది, అచ్చం మేస్త్రీ గొంతుతో:
లాభం... రెండు... మూడు...
ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది...

పొద్దున తొలి గంపని ఒకటి అనరు, లాభం అంటారు.
మా తాత వడ్లు కొలిచేప్పుడూ అదే,
కళ్ళకద్దుకునే మాట.
మాల్యాద్రి దాన్ని జేబులో వేసుకున్నాడు,
రోజుకొకటి.

ఒకప్పుడు ఇంగ్లండులో
గాట్లు పెట్టిన పుల్లని నిలువునా చీల్చి
ఇచ్చినవాడికో చెక్క, పుచ్చుకున్నవాడికో చెక్క.
రెండూ అతికితేనే లెక్క.
మన కంప్యూటర్లో ట్యాలీ అనే పేరు
ఆ పుల్లదేనని మస్తానమ్మకి చెప్పబోయి మానుకున్నా.
ఇక్కడ పుల్ల మొత్తం మేస్త్రీ దగ్గరే ఉంది.

నా దగ్గరున్నది వెనిసు వర్తకుల విద్య:
కుడీ ఎడమా తూగాలి, అంతే.
ఏం తూచామో అది అడగదు.

ఐదింటికి అల్లూరు బస్సు.
యజమాని ఫోను. వెంటనే ఆడిటరు ఫోను.
రాశాను: "తరుగు, ఇరవయ్యారు గంపలు, వాన వల్ల."
ఆ నెల చినుకు పడలేదు.
రెండు వైపులా సరిపోయింది.

మస్తానమ్మ ఏం రాశావని అడగలేదు.
నా ముఖం కాసేపు చూసి
దారం విప్పి,
చివర ఖాళీగా ఉన్న చోట
ఒక ముడి వేసింది.
గంపల ముడి లాంటిది కాదు.
పంటితో పట్టి బిగించింది.