నాలుగో జ్వరం

ఈ ఏడు సలి మర్యాద తప్పింది.
మొగిలి ఘాటుకు పైన మా ఊర్లో
మార్గశిరం వణుకు కొత్తేమీ కాదు గానీ
కొళాయి కింద బిందె తాకితే
తేలు కుట్టినట్టు చెయ్యి వెనక్కి రావడం
నేను కాపరానికొచ్చిన పదేళ్లలో చూళ్లేదు.
కొబ్బరినూనె సీసాలోనే రాయి అయిపోయింది.
మా అత్త పాపక్క దాన్ని చంకలో పెట్టుకోని
కూచుంది, గుడ్డు పొదిగినట్టు.

టీవీలో యాడో కొండల మింద తెల్లగా కురస్తా ఉంటే
మా దేవిక అడిగింది:
"అదీ మంచే, ఇదీ మంచే అంటారు గదమా,
మనది మాత్రం చేతికి ఎందుకు దొరకదు?"
నేనేం చెప్పేది.
మనకి మాటొక్కటే వచ్చింది పాపా,
సరుకు రాలేదు.

సరుకు రాకపోయినా సలి వచ్చింది.
షెడ్డులో నూరు గుడ్ల పురుగు
నాలుగో జ్వరానికి పడుకోనుండాది.
జ్వరమంటే ఒళ్లు కాలేది కాదు,
పాత తోలు ఇప్పేటప్పుడు పట్టుపురుగు
తల పైకెత్తి, నోరు కట్టుకోని, కదలకుండా ఉంటుందే, అది.
ఒక దినంలో లేసి ఆకు అడగాల్సినవి
మూడో దినమూ లేయలేదు.
గోడకున్న డిగ్రీల పుల్ల పద్దెనిమిది దగ్గిరే నిలబడింది.
హీటరు పెట్టినాం. కరెంటు పోయింది.
కుంపట్లు వాకిట్లో రాజేసి
పొగంతా చచ్చి బొగ్గు ఎర్రగా నవ్వినాకే లోపలికి తెచ్చినాం,
పొగ పడితే పురుగు బతకదు.
కిటికీలకి మా దుప్పట్లు,
దేవిక స్వెట్టరు ఒక సందుకి,
మా ఆయన పెండ్లి పంచె ఇంకో సందుకి.
ఇంట్లో మేం మిగిలినాం, గోనెపట్టలు మిగిలినాయి.

రాత్రి ఒంటిగంటకి ఎవరో తలుపు తట్టినారు.
లారీ డ్రైవరు. సెల్వమంట, వేలూరోడు.
మదనపల్లి టమాటాలేసుకోని మద్రాసుకు పోతా
ఘాటు మొదట్లో ఆపేసినాడు.
"రోడ్డు కనపడలా అక్కా. నా బానెట్టే నాకు కనపడలా."
పండ్లు టకటకమంటా ఉంటే
మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

వెచ్చగా ఉండే గది ఊరంతటికీ ఒకటే.
దానికి శానా షరతులు.
బయటోళ్లు రాకూడదు. చెప్పులు రాకూడదు.
సున్నం తొక్కి, బ్లీచింగు నీళ్లలో కాళ్లు కడిగి రావల్ల.
మా ఆయన చెంగల్రాయులు నా మొగం చూసినాడు.
నేను పురుగుల మొగం చూసినా.
"కాళ్లు కడుక్కోన్నా" అన్నా.
ఆ నీళ్లలో కాలు పెట్టి ఆయప్ప వేసిన కేక
నాలుగిండ్లకి వినపడుంటుంది.

లోపల అంతా ఒకసారి చూసి
మాట్లాడకుండా మళ్లీ బయటికి పోయినాడు.
లారీ మింది టార్పాలిన్ విప్పుకోనొచ్చినాడు.
"కాయలు ఈ ఒక్క రాత్రి సలి తిననీ" అని
ఉత్తరపు గోడకి పైనుంచి కిందికి బిగించి కట్టినాడు.
మళ్లీ కాళ్లు కడిగినాడు. ఈసారి కేక లేదు.
కిటికీల నుంచి మా దుప్పట్లు మూడు
మాకు తిరిగొచ్చినాయి.

అట్ల ఆ రాత్రి
పై కిటికీ బెత్తెడు తెరిచిపెట్టి
తట్టల నడుమ అందరం పడుకున్నాం,
పురుగులింటికి సుట్టాలొచ్చినట్టు
మెల్లగా మాట్లాడుకుంటా.
సీసాలో నూనె దానంతటదే కరిగింది.
లారీ వాసన తగిలితే పురుగు లేయదని గొణిగే పాపక్క
కరగడానికి ఇంకొంచెం పట్టింది.

పుల్ల ఇరవై రెండు.
ఇరవై నాలుగు.
తెల్లారుజామున లేసి ఆకు చల్లినా,
ఒక్కొక్కటి కొంగుతో తడి తుడిచి.
ఒక తల కదిలింది. ఇంకొకటి.
తర్వాత లెక్కపెట్టడం మానేసినా.

సెల్వం ఉలిక్కిపడి లేసినాడు.
"వాన! వాన! లోడు తడస్తా ఉండాది, పట్ట యాడ?"
చీకట్లో గోడల్ని తడుముతా ఉండాడు.
బుజం పట్టి కూచోబెట్టినా.
"వాన కాదన్నా.
చెవి పెట్టి విను.
తింటా ఉండాయి."