ఖుచురా

నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తాలి,
పొట్టనీ వీపునీ ముట్టకూడదు.
ఈ మాట నాకెవరూ చెప్పలేదు.
ఇరవై ఎనిమిదేళ్ళు పర్లాకిమిడి–గుణుపూర్ బండిలో
తోలుసంచిలో చెయ్యి పెట్టి
బొటనవేలితో వాటి వీపులు రుద్దుతూనే ఉన్నాను.
తెలుగులో టికెట్టు అడిగిన వాడికీ
ఒడియాలో తిట్టిన వాడికీ ఒకటే జవాబు:
ఖుచురా నాయి.
సంచి నిండా ఉండేది.

ఇప్పుడు పొద్దున్న ఏడింటికి
కిటికీ కింద పాత పంచె ముక్క పరుచుకుంటాను.
ట్యూబులైటు మొహమాటానికి మెచ్చుకుంటుంది, నమ్మను.
ఎండ ఏటవాలుగా రావాలి,
నాణెం దానికి కాస్త తల వంచాలి.

ఎత్తుగా ఉన్నదే ముందు అరుగుతుంది.
నడిమి సింహం చెంప, తర్వాత జూలు,
తర్వాత కంకి. గోధుమ కంకి అంటారు,
మా వైపు కంకి అంటే వరే.
గింజకీ గింజకీ మధ్య గీత చెరిగిందంటే
అది చాలా చేతులు చూసినట్టు.
అంచు నీడన ఒదిగిన సంవత్సరం మాత్రం
చాన్నాళ్ళు బతుకుతుంది.

మురికి వేరు, అరుగుదల వేరు.
ఈ రెండ్రూపాయల మీద పసుపు మరక,
కాశీనగర్ సంతరోజు ఏ సవర అవ్వో
చెంగు ముడి విప్పి ఇచ్చుంటుంది.
మరకే, దెబ్బ కాదు. ఉండనీ.
ఇదిగో ఈ గాట్లు టంకశాల గోనెలో పడ్డవి,
ఇంకా ఏ బండీ ఎక్కకముందే
తోటివాటితో గుద్దుకుని.
కొన్నయితే పుట్టుకే మసక,
అచ్చు అలిసిపోయిన పూట పుట్టినవి.
మసక కింద మెరుపుంటే అది పుట్టుక,
మెరుపు కూడా లేకపోతే బతుకు.

పుస్తకాల్లో వీటికి ఇంగ్లీషు పేర్లున్నాయట.
నా దగ్గర నాలుగు డబ్బాలు, వాటికి నేను పెట్టిన పేర్లు.
డబ్బీ: ఎవరో దాచి మరిచిపోయినవి.
కొట్టు: గల్లాపెట్టెలో నలిగినవి.
బండి: నావి.
ఏరు: వంశధార వంతెన మీంచి మొక్కుకుని విసిరినవి,
గుంటలు తాడుకి అయస్కాంతం కట్టి లాగినవి.
స్టీలు రూపాయి ఇట్టే అంటుకుని వచ్చేస్తుంది.
పటం ఉన్న పాత రెండ్రూపాయలు
అయస్కాంతం మాట వినదు,
దానికోసం మనిషే మునగాలి.

మొన్న కంట్రోలు కొట్లో
మిషను మీద బొటనవేలు పెట్టాను.
కుయ్‌మంది. తుడిచి పెట్టాను. కుయ్‌మంది.
వెనక లైనంతా నా వేలినే చూస్తోంది.
ఇంటికొచ్చి కిటికీ కింద, ఏటవాలు ఎండలో
ఆ వేలిని అటూ ఇటూ వంచి చూశాను.
గీతల్లేవు. పల్లాల్లో కూడా లేవు.
ఏ డబ్బాలో వెయ్యాలో అడగక్కర్లేదు.
అయినా ఆ రోజు బియ్యం వచ్చాయిలెండి.
డీలరు కుర్రాడు నవ్వి
"ఆఉ గోటే ఆంగుఠి, మౌసా" అన్నాడు.
ఎడమచేతి చిటికెనవేలు పెట్టాను,
నోట్లు మడిచి ఇరికించుకునేటప్పుడు
ఎప్పుడూ పక్కకి జరిగి నిలబడిన వేలు.
ఒక్కసారికే ఒప్పుకుంది మిషను.

నిన్న పక్కింటి సుభొస్మిత వచ్చింది,
పరుగెత్తుకుంటూ, గుప్పిట మూసుకుని.
తొంభై ఎనిమిది నాటి పటం రెండ్రూపాయలు.
నా దగ్గర లేని సంవత్సరం.
చింతపండు పెట్టి, ముగ్గుపిండి పెట్టి
ఆదివారమంతా తోమిందట.
కొత్త గిన్నెలా ఉంది.
ఎండకి వంచాను.
సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి,
సింహాల మీంచి, అంకెల మీంచి.
మరకతో పాటు చర్మమూ పోయింది.
దీనికి ఏ కొట్టువాడూ రెండ్రూపాయల పైన
పైసా ఇవ్వడు.

"ఏ డబ్బా, కూర్మయ్య తాతా?"

డబ్బీలో వేశాను.
చప్పట్లు కొట్టి వెళ్ళిపోయింది.
రాత్రి కరెంటు పోయాక లేచి
దాన్ని తీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాను,
అంచుతో కాదు, గుప్పిట్లో.
వెచ్చబడింది.
మళ్ళీ అక్కడే పెట్టేశాను.