ఏ పచ్చ?

పీణ్య వెనక సందులో రిగ్గు నిలబెట్టి
బీడీ ఆర్పి అన్నాడు ఓబులేసు:
"తాగడానికి తవ్వాను, తడపడానికి తవ్వాను.
ఊరికే చూడ్డానికి బావి తవ్వడం
ముప్పై ఏళ్లలో ఇదే మొదలు."

అవును, చూడ్డానికే.
పదకొండు బోర్లు. దేనికీ మోటారుండదు, దేని కిందా బిందె ఆనదు.
తాళం వేసిన ఇనప మూత, మూత మీద తెల్ల అంకె.
నెలకోసారి తాళం తీసి, టేపు వదిలి,
నీళ్లెంత లోతున ఉన్నాయో రాసుకుని
సీసాడు పట్టుకుపోవడం నా ఉద్యోగం.

మూడో నంబరు మునిరత్నమ్మ గుమ్మం ముందు.
ఆమె పాత బోరులో నీళ్లు
పసుపు కలిపినట్టు వచ్చేవి.
మొదట్లో శుభమే అనుకుందట.
గిన్నెలు తోమే చేతులకు పుండ్లు లేచాక
ఎవరో వచ్చి పంపుకు ఎర్రరంగు పూసిపోయారు.
ఎరుపంటే తాగొద్దని.
"మరి ఉతకొచ్చా?" అంటే
ఫారంలో ఆ గడి లేదన్నారు.

సందు మొదట్లో షెడ్డు మూతబడి తొమ్మిదేళ్లు.
కుళాయిలకు మెరుగు పెట్టేవాళ్లు అక్కడ.
తొట్టి అడుగున వేలెడంత చీలిక.
ఎన్నాళ్లు కారిందో తొట్టికే తెలియదు.
కుళాయిలు మాత్రం
ఎవరెవరి ఇళ్లలోనో ఇంకా తళతళ.

సబీహా మేడం మ్యాపు పరిచింది.
పెన్సిలుతో నీటి మట్టాలు కలిపి
గీతలకు అడ్డంగా ఒక బాణం వేసింది:
ఈశాన్యం.
అందరూ వాస్తు చూసి బోరు వేయించుకున్న మూలకే
విషమూ వాస్తు చూసుకుని నడిచింది.

తర్వాత నాలుగు నెలలు అంతా కాగితం మీదే.
ఎక్కడ తోడాలి, తోడింది ఎక్కడ పోయాలి,
పైపు ఎవరి గోడ వెంట, కరెంటు ఎవరి మీటరు.
దిగేటప్పుడు అది ఎవరినీ అడగలేదు.
పైకి తేవడానికి పద్నాలుగు సంతకాలు.

చివరికి మండ్య నుంచి డ్రమ్ముల్లో చెరకు మడ్డి వచ్చింది.
బోర్లలోకి పోశాం.
రాతి పగుళ్లలోని కంటికానని పురుగులు
ఆ తీపి మేసి, గాలి చాలక,
క్రోమియం దగ్గరున్న ప్రాణవాయువు లాక్కుంటాయట.
కోరలూడిన పాములా అది
ఆకుపచ్చగా రాతికంటుకుని పడుంటుందట.
వారం పాటు సందంతా బెల్లం వాసన, చీమల బారు.
"నాకు షుగరు, నేలకు బెల్లం!" మునిరత్నమ్మ నవ్వింది.
ఆమె నవ్వగా చూడటం అదే మొదలు.

నా రిజిస్టరులో "పచ్చ" అని తెలుగులో రాసుకున్నా.
"ఏ పచ్చ?" అంది మేడం.
మా కదిరి వైపు పసుపూ పచ్చే, ఆకూ పచ్చే.
జవాబు చెప్పబోయి ఆగిపోయాను.
మేం చేస్తున్నదంతా
ఈ పచ్చను ఆ పచ్చ దాకా మోయడమే కదా,
అడుగున ఎనభై అడుగుల లోతులో,
ఎవరికీ కనపడకుండా.

గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తాను.
వంగపూవు రంగు తేలిందా, ఉన్నట్టే.
ఏడో నంబరులో ఈ నెల తేలలేదు.
నమ్మక ఇంకోసారి వేశాను. తేలలేదు.
మూడో నంబరులో తేలింది.

మునిరత్నమ్మ గొట్టం అందుకుని ఎండకెత్తి చూసింది,
చీర బేరమాడేటప్పుడు అంచు చూసినట్టు.
"పోయిన్నెల కంటే వెలిసిందిలే" అంది.

రిమార్కుల గడిలో ఆ మాటే రాశాను.
మేడం కొట్టేయలేదు.