సగం ఆకు

తాళంచెవి హెస్టర్ పాస్క్ ఇంట్లో, రొట్టెల డబ్బా వెనక.
జానెడు ఇనుము.
తలుపు మొరాయిస్తే మోకాలితో ఒక్కటిస్తుంది,
దూడని తోసినట్టు.

లోపల చెమ్మ, గబ్బిలాల రెట్ట. బయట నార్ఫోక్ వాన.
బొమ్మలు పాపమన్న రోజుల్లో కొట్టిన సున్నం
పెచ్చులూడి, ఒక పాదం బయటపడింది;
పాదం చుట్టూ ఏరు, ఏట్లో రెండు చేపలూ ఒక పీతా.
మోకాలి పైనున్న మనిషి, ఆయన భుజం మీది బిడ్డ
ఇంకా సున్నంలోనే ఉన్నారు.

ఎడమ స్తంభం తలనిండా ఓక్ ఆకులు, ఈనెలతో సహా.
కుడి స్తంభానికి ఒక్కటే ఆకు,
అదీ సగం.
ఆపైన బోడి రాయి.

"పెద్ద తెగులు ఏడు," అంటుంది హెస్టర్,
నిన్న పక్కింట్లో జరిగినట్టు గొంతు తగ్గించి.
ఉలి పట్టినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు.
ఉత్తరపు గోడ అవతల మాత్రం
గడ్డి ఎగుడుదిగుడుగా, ఏపుగా.

పోయినేడు పట్నం నుంచి ఒకాయన వచ్చాడట,
మిగతా సగం చెక్కిస్తానని, ఉచితంగానే.
టీ ఇచ్చి పంపేసింది.

ఆదివారాలు ఐదుగురే.
పాట సాగుతుండగా ఆవిడ బొటనవేలు
ఉలి ఆగిన చోటికి చేరుతుంది, తనకి తెలీకుండానే.
నలభై ఏళ్లకి అక్కడ
గోరంత నునుపు తేలింది.