ఎర లేని గేలం

ఎర ఎందుకు?
ఒకే తాడుకి వంద కొక్కేలు,
సాన మీద మా నాన్న తేల్చిన మొనలు.
ఏటి అడుగున వేలాడదీస్తే చాలు
నేలని రాసుకుంటూ ఎదురెక్కే చేప
తనే వచ్చి తగులుకుంటుంది.
విదిలించుకోబోయి తిరిగిందా,
రెండోది డొక్కలో, మూడోది తోక దగ్గర.

ఈ సంగతి ఈ పిల్లలకి చెప్పను.
తుల్చా నుంచి వచ్చారు పాపం, కొత్త రబ్బరు బూట్లతో,
తొట్టెల నిండా స్టర్జన్ పిల్లలతో.
ఒక్కోటి నా చూపుడువేలంత.
అప్పుడే వీపున రంపం పళ్ళు, మూతి కింద నాలుగు మీసాలు.
ముక్కులో వెంట్రుకంత తీగ గుచ్చారట,
అదే వాటి ఊరూ పేరూ.

"నెమ్మదిగా, సావెల్ తాతా" అంటుంది రుక్సాంద్రా.
నెమ్మదిగానా!
తొంభై ఆరులో, మంచు విరిగే వారం,
ఈ చేతులే ఒక ఆడచేపని
పడవలోకి ఎత్తలేక, పక్కన కట్టి
చిలియా పాయ పొడుగునా ఈడ్చుకొచ్చాయి.
పొట్ట కోస్తే జన.
నల్లగా, మెరుస్తూ, ఆగకుండా.
యెవ్దోకియా బట్టలుతికే టబ్బు తెచ్చింది.
చాల్లేదు.
చంటాడి ఊయల తొట్టి తెచ్చింది.

ఆ డబ్బుతో యమహా ఇంజను, ఇంటికి రేకులు,
గుడికి వెండి దీపం.
ఎక్కడిదని పాదిరి అడగలేదు.

తర్వాత ఐదేళ్ళు తాళ్ళు వేశాను.
తర్వాత కూడా వేశాను, ఖాళీ తాళ్ళు తీసుకున్నాను.
నిషేధం కాగితం పెరిప్రావకి చేరేసరికి
నిషేధించడానికి ఏమీ మిగల్లేదు.
అయినా అరిచాం, రేవు మూశాం.

తొట్టి వంచాను.
వెంటనే పోలేదవి.
నా వేళ్ళ సందుల్లోనే తచ్చాడాయి,
ఏటి అడుగు ఇదే అనుకున్నాయేమో.

ఆడది జన కట్టాలంటే పదహారేళ్ళు పైనే, అంది రుక్సాంద్రా.
నాకు డెబ్బై ఒకటి.
కూడలేదు.

రాత్రి, లైటు లేని పడవ ఒకటి కిందికి పోయింది.
"ఎవరిది తాతా?"
రెల్లు కోసుకునే వాళ్ళేమో అన్నాను.
ఆ ఇంజను దగ్గు నాకు తెలీదా,
నేను కొన్నదే.
ఆ ఊయల్లో పెరిగినవాడే నడుపుతున్నాడు.

పొద్దున్నే నికిఫోర్ నిద్రలో ఉండగా
వాడి పాకలోకి వెళ్ళాను.
కొక్కేల జోలికి పోలేదు.
మా నాన్న సాన, మధ్యలో అరిగి గుంట పడ్డది,
తీసి జేబులో వేసుకున్నాను.
సంతలో ముప్ఫై లేయిలు పెడితే ఇంకోటి దొరుకుతుంది వాడికి.
తెలుసు.

కోటు ఒకవైపు లాగుతోంది.
రేవులో రెండో తొట్టి దించుతున్నారు.