ఒకరి జాగ

నారాయణపేటల పాత బస్టాండు ఎనక
ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణమున్న కాడ
ఒకప్పుడు అంబుబాయి స్టూడియో ఉండేదట.
నేను చూడలే.
నేను పుట్టేసరికే ఆమె పోయింది.
ఆమె కెమెరా నిలవడ్డ మూడు కట్టెకాళ్లు
ఎవరి పెరట్లనో చిక్కుడు తీగకు పందిరైనయి.

మొగడి చూపు తప్పినంక
నల్లగుడ్డ కింద తల దూర్చిందట.
నవ్వినోళ్లు నవ్విండ్రు.
ఘోషా ఇండ్ల ఆడోళ్లు మాత్రం
ఎనక తలుపుకెల్లి వచ్చి
ఆమె ముంగటనే ముసుగెత్తిండ్రట.

నాకు పని నేర్పింది ఖాజా అన్న.
అన్నకు నేర్పింది ఆమె.
పన్నెండేండ్ల పోరణ్ని
చీకటి గదిల తొట్లు కడుగనీకి పెట్టుకుందట.
ఎర్రబుగ్గ కింద, నీళ్లల్ల
తెల్ల కాయితం మీద మొకాలు తేలొస్తుంటే
"ముట్టకురా, ఇంకా పుడుతున్నరు" అనేదట.

ఈ ఊళ్ల ఫోటోలు తీసేటోళ్లం
ఇప్పుడు ఇరవై మందిమి ఉంటం.
డ్రోన్లున్నయి, గొడుగు లైట్లున్నయి,
పెండ్లికి ముందే జంటలను తీస్కపోయి
కోయిల్‌సాగర్ కట్ట మీద ఉరికిస్తుంటం.
కానీ ఎవ్వరం "నవ్వుండ్రి" అనం.
"ఊపిరి ఇడువుండ్రి" అంటం.
ఇడిచినంక, మళ్ల పీల్చే లోపల
సన్నది ఒక గడియ ఉంటది,
అండ్ల మనిషి ఎవ్వరికీ భయపడడు.
గప్పుడే నొక్కుతం.
ఈ మాట ఎవరిదో
మాల సగం మందికి తెల్వదు.

ఇంకోటి.
ఇంటిల్లిపాదిని నిలవెట్టినప్పుడు
ఎడమ కొసకు ఒకరు పట్టేంత జాగ ఇడుస్తం.
ఖాజా అన్న ఇడువమన్నడు, ఇడిచిన.
ఆల్బం మడత కోసమనుకున్న.
"గింత ఖాళీ ఎందుకమ్మా, కట్ చెయ్" అంటరు గిరాకోళ్లు.
చేస్త.
తీసేటప్పుడు మాత్రం చెయ్యి ఇనదు.

పోయిన ఎండకాలం, కరెంటు లేని పగటీలి
ఒక ముసలామె వచ్చింది.
ఉసేనమ్మ. మక్తల్ దిక్కు ఊరు.
కొంగుముడి ఇప్పి, ప్లాస్టిక్ కవరు ఇప్పి,
అండ్లకెల్లి పాత పేపరు ఇప్పి
అరచేయంత ఫోటో బల్ల మీద పెట్టింది.

నాయిన, రుమాలు చేతుల పట్టుకొని.
అమ్మ, కొత్త చీర మడతలింకా పోలే.
ఇద్దరన్నలు, ఒక చంకపిల్ల.
ఎడమ కొసకు
తెర మీద గీసిన పూలకుండి ఒక్కటే.

"ఆ జాగ నాదే" అన్నది.

ఎనిమిదేండ్లప్పుడు మేస్త్రి ఎంట పంపిండ్రట
ఆనకట్ట పనికి, మరాఠోళ్ల దేశం.
అడ్వాన్సు పైసలతోని చీరొచ్చింది.
ఫోటో గూడ ఆ పైసలతోనే.
"బిడ్డ లేకుండ దిగుడేంది" అని అమ్మ ఏడ్సుకుంట నిలవడితే
ఫోటోలామె ఏమనలేదట,
అందర్ని ఒక అడుగు జరగమన్నదట.

ఆరేండ్లకు తిరిగొచ్చింది ఉసేనమ్మ.
అప్పటికి నాయిన లేడు, ఫోటోకు పైసల్లేవు.
తర్వాత పెండ్లి, తర్వాత పత్తి చేను,
తర్వాత యాది లేదు.
ఇప్పుడు అండ్ల ఉన్నోళ్లంత పోయిండ్రు,
చంకపిల్లతో సహా.
"నన్ను ఆడ నిలవెట్టు బిడ్డా."

లెక్క చెప్పిన:
మీ అమ్మకు అండ్ల ముప్పై ఏండ్లు,
నీకు డెబ్బై దాటినయి,
పక్కపక్కన మంచిగుండదవ్వా.
"ఆమె అడిగింది నన్ను గని
నా ఈడును కాదు గదా" అన్నది.

కరెంటు రాలే. మంచిదైంది.
ఫోటోల ఎలుగు ఎడమ దిక్కుకెల్లి పడుతున్నది.
తలుపొకటి తెరిచి, ఒకటి మూసి
గడప కాడ నిలవెట్టిన.
ఎడమ చెయ్యి కొంచెం పక్కకు పెట్టింది,
ఎవరి కొంగో పట్టుకున్నట్టు.
నేను పెట్టుమనలే.
"ఊపిరి ఇడువవ్వా" అన్న.

పొద్దుమీకి స్కాన్ చేద్దామని ఫోటో తిరగేస్తే
ఎనక పెన్సిల్ రాత, దోమకాళ్లంత సన్నగ.
"ఎంతియ్యాలె బిడ్డా" అని
ఉసేనమ్మ మళ్ల కొంగుముడి ఇప్పుతున్నది.
చదివి ఇనిపిచ్చిన:

"ఎడమ కొస, ఒకరి జాగ.
పైసలు ముట్టినయి."